ఇద్దరికీ ఒకే ఇంజిన్

బేకర్స్‌ఫీల్డ్‌లో ఒక పాత గరాజ్. అన్న లాయిడ్‌ని పాతిపెట్టి వచ్చిన తమ్ముడు మడత కుర్చీలో కూర్చున్నాడు. ఒకప్పుడు వాళ్ల కార్ల రేసులను కెమెరాతో తీసిన ఆవిడ ప్రొజెక్టర్‌కి రీలు ఎక్కిస్తోంది.

"ఇది పారేశానన్నావుగా."

"అన్నాను. నాకు పదహారేళ్లప్పుడు తీసింది, పారెయ్యబుద్ధి కాలేదు. పాడైన రీలే అనుకో. పొద్దున మీ అన్న రేసు తీశాను. మధ్యాహ్నం కొత్త రీలనుకుని మళ్లీ దాన్నే ఎక్కించి నీది తీశాను. ఒకదాని మీద ఒకటి పడ్డాయి."

"మాకు కార్లు రెండు, ఇంజిన్ ఒకటే. వాడి రేసు అవగానే విప్పి నా కారుకి బిగించేవాళ్లం. ఇక మేమిద్దరం పందెం ఎక్కడ వేసుకుంటాం? ఎవరు ముందని యాభై ఏళ్లు వాదించుకోవడమే సరిపోయింది."

"వాగింది చాలు, చూడు. ఎడమ పక్క వాడు, కుడి పక్క నువ్వు. రెండుసార్లూ కెమెరా ఒకేచోట పెట్టి, జెండా లేవగానే మీట నొక్కాను."

"పక్కపక్కనే పోతున్నామే. వాడి టైర్ల పొగ గాజులోంచి కనబడినట్టు నా కారులోంచి కనబడుతోంది."

"ముగింపు గీత దగ్గర చూడు."

"నేనే. సగం కారు ముందున్నాను."

"అవును."

"వాడు చూశాడా ఇది?"

"రీలు కడిగించి తెచ్చిన రోజే చూశాడు."

"ఏమన్నాడు?"

"తను బతికుండగా నీకు చూపించొద్దని మాట తీసుకున్నాడు. పోయాక మాత్రం తప్పకుండా చూపించమన్నాడు."