కొంపాద్రే అడిగితే

నదికి ఇవతల పొగాకు కొట్టంలో ఎవరిస్తో అనే ప్రెసిడెంటు, అప్పుడే పడవ దిగి వచ్చిన ఆయన పెద్దక్క పెత్రోనీలా. అవతలి ఒడ్డున, ఆయన్ని దింపేస్తానని రెండొందల మందితో కాచుకున్న జనరల్ కసిమీరో.

"పనయ్యిందా లేదా, అది చెప్పక్కా!"

"కాళ్లు చాపుకోనీరా ముందు."

"బయట సిపాయిలు వింటారు. ప్రెసిడెంటుని పట్టుకుని 'రా' అనడమేంటి?"

"నీ ముక్కు తుడిచిందాన్ని, ఏమనాలి మరి? ఏలినవారా, ఆ కాఫీ ఇలా అందుకోండి."

"ఇదిగో తాగు. కసిమీరో పెళ్లాం ప్రసవించిన మాట నిజమేనా?"

"మొన్న. మగపిల్లాడు. అచ్చం తండ్రే, పుట్టగానే అందరి మీదా అరిచాట్ట."

"మరి జ్ఞానస్నానం?"

"కాఫీలో బెల్లం లేదు."

"అక్కా! వాడు నది దాటితే నా పనైపోయినట్టే. నా దగ్గరున్నది నలభైమంది. సగం మందికి బూట్లు లేవు."

"స్పెయినోళ్లని తరిమినప్పుడు నీకూ లేవుగా?"

"అప్పుడు నా పక్కన కసిమీరో ఉన్నాడే!"

"ఉన్నాడు. ఒక్క అరటికాయ కాల్చుకుని చెరిసగం తిన్నారు పాపం. కుర్చీ దగ్గరికొచ్చేసరికి చెరిసగం కుదర్లేదు."

"అందుకే కదా నిన్ను పంపింది! బిడ్డకి నేను జ్ఞానతండ్రినైతే, కన్నతండ్రి నాకు కొంపాద్రే అవుతాడు. కొంపాద్రే మీద కత్తెత్తినవాడికి ఈ దేశంలో కన్నతల్లి కూడా కూడు పెట్టదు."

"ఇది నీకెన్నో బిడ్డరా?"

"అరవై నాలుగోవాడు."

"ఒక్కడి పేరు చెప్పు."

"ఇప్పుడవెందుకు?"

"ఎవడు తిరగబడినా వాడి బిడ్డని జ్ఞానస్నానానికి ఎత్తుకుంటావు. ఇక పుట్టేవాళ్లు చాలరు."

"సరే తిట్టుకో. ఫాదర్ ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకున్నాడు. నీ బదులు నేనే నిలబడ్డాను. ఓ చేత్తో పిల్లాడు, ఓ చేత్తో నీ గుర్తుగా నీ ఈకల టోపీ. టోపీలో పోసేశాడు."

"ఎవరు, ఫాదరా?"

"పిల్లాడు!"

"పోనీలే. ఆ కసిమీరో గొడవేం పెట్టలేదా?"

"లేదు. పడవ దగ్గరికి వాడే ఎదురొచ్చి నన్ను చెయ్యందించి దింపుకున్నాడు."

"అంత సులువుగానా?"

"నాకూ అనుమానమొచ్చింది. ఫాదర్ నీళ్లు పొయ్యగానే మాత్రం కళ్లు తుడుచుకున్నాడు. 'ఇక నది దాటను పెత్రోనీలక్కా, కొంపాద్రే మీదికి ఎలా పోతాను?' అన్నాడు. తన మనుషులందర్నీ ఇళ్లకి పొమ్మన్నాడు."

"పొమ్మన్నాడా! అక్కా, నీ కాళ్లకి మొక్కుతాను! గెలిచేశాం! సిపాయిలకి రమ్ము పొయ్యమను!"

"ఆగు."

"ఇంకా ఏం ఆగేది? రేపు చర్చి ముందు ఉపన్యాసం—"

"ఆగరా అంటే! నన్నొకటి అడగనీ. కొంపాద్రే నోరు తెరిచి అడిగితే కాదనొచ్చా?"

"ఛీ! కాదన్నవాడు మనిషేనా? ఊరూరా నేనే కదా చెప్తాను! ఒంటి మీద చొక్కా అడిగినా విప్పి ఇచ్చెయ్యాలి."

"ఇచ్చెయ్యాల్సిందేనా?"

"ఇచ్చెయ్యాల్సిందే. ఏం, ఏదైనా అడిగాడా? ఆవు కావాలన్నాడా?"

"ఆవు కాదు."

"నా బూడిదరంగు గుర్రమా? ఎప్పట్నించో దాని మీద కన్నుంది వాడికి. ఇచ్చేశాననుకో!"

"గుర్రమూ కాదు."

"సిగ్గెందుకక్కా, చెప్పు. ఇదిగో, మాటంటే మాటే. చొక్కా విప్పమన్నా విప్పేస్తా!"

"చొక్కా నువ్వే ఉంచుకోరా తమ్ముడూ. వాడడిగింది నీ కుర్చీ."