నలభై ఒకటో పేజీలో ఓబులేసు

అలిసిపోయినానప్పా. ముప్పై ఏండ్లు ఆత్మకూరు సంత నుంచి కడప దాకా ఎద్దుల బేరం చేసినా, నోరు తప్ప వేరే పెట్టుబడి లేకుండా బతికినా, యానాడూ నా గొంతు బొంగురుపోలేదు. ఈ నాలుగు నెలల్లో ఒక్క పుస్తకం నన్ను ఇట్లా చేసిపెట్టింది. దాన్ని రాసినోడు వేరే. నలభై ఒకటో పేజీలో ఉండేది మాత్రం నేను.

ఆ పుస్తకం పేరు 'పాతరలో మూడు శవాలు'. చదవనోడు కర్నూలు జిల్లాలో లేడు, కడప జిల్లాలో లేడు. చదువు రానోళ్లు పక్కింటోళ్లతో చదివించుకున్నారు. డోన్ స్టేషన్ ఎదురుగా గోపన్న టీ అంగట్లో నేను బెంచీ మీద కూర్చుంటే చాలు, బండి దిగినోళ్లు దిగినట్టే వచ్చి, "ఓబులేసు తాతంటే నువ్వేనా?" అంటారు. మంత్రాలయం పోతాండే ఒకాయన, బండి కదులుతాండాదని పెండ్లాం కిటికీలోంచి అరుస్తాన్నా నా చెయ్యి వదల్లేదు. ప్రొద్దుటూరు బట్టల షావుకారు ఒకాయన, పుస్తకం చదివినప్పట్నించీ తమ్ముడు మొదటి ముద్ద తిన్నాకనే తాను తింటాండానని చెప్పినాడు. ఆత్మకూరు అయ్యవారు పుస్తకమంతా ఎర్రసిరాతో అచ్చుతప్పులు దిద్ది నాకే పంపినాడు. నందికొట్కూరు నుంచి వచ్చిన ముసలామె, "ఆ హంతకుడు చిన్న ఈరన్నను ఉరి తీసినాక మళ్లా అచ్చేస్తారా నాయనా? ఇప్పుడు కొంటే నష్టపోతానేమో" అని అడిగింది.

అందరిదీ ఒకటే పాట. "జరిగింది చెప్పు తాతా." చెప్తాను. సగంలో ఉండంగానే, "అది చదివినాంలే, పుస్తకంలో లేనిది చెప్పు" అంటారు. పుస్తకంలో లేనిది యాడనుంచి తెచ్చేది? తెచ్చినా. రోజుకింత తెచ్చినా.

మొన్న శుక్రవారం గూడా అదే పని. పొద్దు నడినెత్తికొస్తాండాది. కడప నుంచి పని మీద వచ్చిన ఆఫీసు గుమాస్తాలు ఇద్దరు నా ఎదురుగా కూర్చున్నారు. స్టేషన్ కూలి బొజ్జన్న నా పక్కన. మా అంగడి పుస్తకం వాని దగ్గరే ఉంటాది, చదివి వినిపించేది వాడే. గోపన్న పొయ్యి కాడ. పందిరి రాటకు ఆనుకొని ఒక ఆడమనిషి మూట పక్కన పెట్టుకొని, టీ గ్లాసు రెండు చేతులా పట్టుకొని ఉండాది. బండి కోసం వచ్చిందనుకున్నా.

"ఇనండి సామీ," అని మొదలుపెట్టినా. "ఉగాది పోయి పది దినాలు. కోడెల జతను తోలుకొని చింతమాన్ల కొట్టాల మీదుగా పోతాండా. ఊరి బయట కళ్లంలో ఏడుపులు. పోయి చూద్దును గదా, జొన్నల పాతర చుట్టూ జనం. మీరు ఆఫీసోళ్లు, పాతరంటే తెలుసో లేదో. జొన్నలు దాచే గొయ్యి. మూతి మనిషి దూరేంతే ఉంటాది, లోపల మాత్రం ఇల్లంత. మూతి మీద బండ పెట్టి మట్టితో మెత్తుతారు. ఆ పాతరలో పెద్ద ఈరన్న, వాని పెండ్లాం గిడ్డమ్మ, కొడుకు మహానంది, ముగ్గురూ ఉండారంట. పెద్ద ఈరన్న తమ్ముడు చిన్న ఈరన్న మాత్రం ఆడ లేడు. పొలం గట్టు కాడ అన్నదమ్ములకు మాటా మాటా వచ్చిందని ఊరంతా తెలుసు."

"బండ మూసి ఉండిందా?" అన్నాడు పెద్ద గుమాస్తా.

"అదే గదా సంగతి! మూసి ఉండాది. ముగ్గురికీ విషం పెట్టి, లోపల పారేసి, బండ మూసి పోయినాడు తమ్ముడు. బేతంచెర్ల బండ అది. ఎనిమిది మంది పలుగులేసి లేపుతాండారు, కదల్లేదు. నేను కోడెల పగ్గం ఎడమచేత పట్టుకునే, జరగండిరా అని చెప్పి, కుడిచేతి చిటికెన వేలు అట్లా దూర్చి..."

"మొన్న రెండు చేతులన్నావే?" అన్నాడు బొజ్జన్న.

"మొన్న వేలికి దెబ్బ తగిలి ఉండె, ఆ బాధలో అన్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బండ లేస్తానే దూకినా. ఎంత లోతనుకున్నారు? నేను కిందికి చేరి, దుమ్ము దులుపుకొని, ఇంత సేపు నిలబడినాక గాని నా తలగుడ్డ వచ్చి చేరలేదు."

"పుస్తకంలో పదిహేను అడుగులని ఉండాది," అన్నాడు చిన్న గుమాస్తా.

"ఆయన పైనుంచి చూసి రాసినాడు. నేను కిందినుంచి చెప్తాండా. లోపల చిమ్మచీకటి. జేబులో నుంచి బీడీ తీసి ముట్టించినా."

"బీడీ వెలిగిందా?" అనింది రాట కాడి ఆడమనిషి. అదే ఆమె మొదటి మాట.

"వెలిగిందా ఏంది తల్లీ, దివిటీ మాదిరి వెలిగింది! నలభై ఒకటో పేజీ. చదువు బొజ్జన్నా."

బొజ్జన్న గొంతు సవరించుకొని చదివినాడు. "'ఓబులేసను ఆ సాహసి తక్షణమే పాతరలోనికి లంఘించి, నింపాదిగా బీడీ ముట్టించెను. లోపలి గాలి నిర్మలముగా నుండెను. కావున మృతులు పాతర ఆవిరిచే మరణించిరను మాట కల్ల. ఇది హత్యయే.'"

"ఆవిరంటే?" అన్నాడు పెద్ద గుమాస్తా.

"మూసి పెట్టిన పాతరలో చెడ్డగాలి పుడతాదంటారులే సామీ. పిరికోళ్ల మాట. నన్ను చూస్తే ఆవిరే పక్కకు జరిగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? జొన్నల మీద బాసింపట్టు వేసుకొని కూర్చొని, ఒక్కొక్క గింజే వాసన చూసినా. ఏడు బస్తాల గింజలు! ఎనిమిదో బస్తాలో విషం తగిలిన గింజ దొరికింది. దాన్ని కొంగున... అదే, పంచె అంచున కట్టుకొని, ముగ్గుర్నీ ఎత్తుకొని ఒక్క ఎగురు ఎగిరితే బయట పడినా. ఇన్‌స్పెక్టర్ వచ్చి టోపీ తీసి నా తలమీద పెట్టినాడు. మద్రాసు నుంచి పోలీసు కుక్కను తెప్పించినారు. అది నా కాళ్లు వాసన చూసి, ఇంక ఈడ నాకేం పని అని వెనక్కి తిరిగి బండెక్కింది."

"టిక్కెట్టు తీసుకొనేనా?" అన్నాడు బొజ్జన్న.

"సర్కారు కుక్కకు టిక్కెట్టెందుకప్పా?"

గుమాస్తాలు నవ్వినారు. నాకు నవ్వు రాలేదు. నడుము నొస్తాండాది, నోరు ఎండుకపోయింది. అయినా ఎదురుగా నలుగురు కూర్చుంటే ఈ నాలుక నా మాట ఇనదు. జేబులో కోర్టు సమను ఉండె. పుస్తకం పోలీసులు గూడా చదివి నన్ను సాక్షిగా వేసుకున్నారు. ఆ కాగితం తీసి చూపించినా.

"సోమవారం కర్నూలు సెషన్సు కోర్టు. ఓబులేసు వచ్చేదాకా కుర్చీలో కూర్చోనని జడ్జి దొర మొండికేసినాడంట. కొత్త రాజధానికని సర్కారోళ్లు వేసిన గుడారాలుండాయే, వాటన్నిటినీ ఊడదీసి ఒకటే గుడారంగా కుట్టిస్తాండారు, నా సాక్ష్యం ఇననీకె వచ్చే జనం పట్టాలని!"

"ఉరి పడతాదా తాతా?" అన్నాడు చిన్న గుమాస్తా.

"నేను నోరు తెరిస్తే పడకుండా ఉంటాదా?"

ఆడమనిషి గ్లాసు కింద పెట్టింది.

"పెద్దాయనా, నా పేరు హంపమ్మ," అనింది. "చిన్న ఈరన్న పెండ్లాన్ని."

పొయ్యి మీద పాలు పొంగుతాంటే గోపన్న చూసుకోలేదు. గుమాస్తాలు బెంచీ మీద ఇంత దూరం జరిగినారు. బొజ్జన్న పుస్తకాన్ని తొడ కింద పెట్టుకున్నాడు.

"కొట్లాడను రాలేదులే," అనింది ఆమె. "ఊర్లో నా చేతి నీళ్లు తాగేవాళ్లు లేరిప్పుడు. పుస్తకం చదివినారు గదా. కర్నూలు వకీలు చెప్పినాడు, నలభై ఒకటో పేజీ నిజమైతే నీ మొగుడు చేతికి రాడమ్మా అని. ఆ మనిషిని చూసి పోదామని వచ్చినా. బండ మూసి ఉండంగా నువ్వు చూసినావా?"

"చూడకుండా చెప్తానా తల్లీ, ఈ కండ్లతో..." అని నాలుక తనంతట తానే లేచింది.

ఆమె చెయ్యి అడ్డం పెట్టలేదు, గొంతు పెంచలేదు. సంతలో ధర చెప్పినట్టు చెప్పింది. "అది మా రెండిండ్లకూ కలిపి ఉండే పాతర. ముందు దినం తెరిచినాం. పద్ధతి ప్రకారం బండ తీసి ఒక పూట ఆరబెట్టి, లాంతరు దించినాం. ఆరిపోలేదు, గాలి మంచిదే అనుకున్నాం. మనిషి దిగి జొన్నలు తీసినాం. సాయంత్రం మబ్బేసింది. గింజ తడుస్తాదని మళ్లా బండ మూసినాం. తెల్లారి తీస్తానే మా బావ దిగినాడు. లాంతరు దించు అన్నా అని మా ఆయన అంటే, నిన్న చూసిందే గదరా అన్నాడు. ఒక్క రాత్రికే ఆవిరి పట్టింది. ఆయన పడిపోయినాడని మా అక్క దిగింది. అమ్మ పడిపోయిందని మహానంది దిగినాడు. మా ఆయన మోకు కోసం ఊర్లోకి పరిగెత్తినాడు. పారిపాయె అని రాసినారు. లాంతరు ఆరిపోయే చోట నీ బీడీ ఎట్లా వెలిగింది, పెద్దాయనా?"

నేను గోపన్న దిక్కు చూసినా. ఎప్పుడైనా నేను ఇరుక్కుంటే వాడే ఒక టీ ఇచ్చి మాట మార్చేవాడు.

గోపన్న మాడిన పాల గిన్నె దించినాడు. "నా దిక్కు చూడొద్దన్నా," అన్నాడు. "నువ్వు దూకలేదని మాకు మొదటి దినమే తెలుసు. పాతర తెరిచిన ఊర్లలో పుట్టినోళ్లం. తెరిస్తానే దూకినోడు బెంచీ మీద కూర్చొని కథ చెప్పడు. ముప్పై ఏండ్లుగా నిన్ను ఈ ఊర్లో ఎవరూ నమ్మలేదు, అందుకే ఇంత ఇష్టంగా ఇన్నాం. పుస్తకం రాసిన ఆ కోస్తా కండ్లద్దాలాయనకు పాతరంటే తెలీదు. ఈడే మూడు దినాలు కూర్చొని, నువ్వు చెప్పిందంతా రాసుకొని పాయె. నేనన్నా ఒక మాట చెప్పింటే సరిపోయేది. చెప్పలేదు. అంగట్లో జనం ఉండిరి."

బండి లేటని స్టేషన్లో ఎవరో అరుస్తాండారు. గుమాస్తాలు గూడా లేచి పోలేదు.

"నేను పోయేసరికి బండ పక్కన పడి ఉండె," అన్నా. నా గొంతు నాకే కొత్తగా ఉండాది. "మోకులేసి ముగ్గుర్నీ తీసి కళ్లంలో పండబెట్టినారు. నేను పాతర కాడికే పోలేదు. ఎద్దులు బెదురుతాయని చెప్పి బాట మీదనే నిలబడినా. బెదిరింది ఎద్దులు గాదు."

"ఇదన్నా నిజమేనా తాతా?" అన్నాడు బొజ్జన్న.

జవాబు హంపమ్మ చెప్పింది.

"నిజమే అప్పా. దీంట్లో ఈయన చేసిందేమీ లేదు గదా."

ఎవరూ నవ్వలేదు. నవ్వింటే బాగుండు.

ఆమె మూట నెత్తికెత్తుకోబోయి, మళ్లా కింద పెట్టి నా ఎదురుగా బెంచీ మీద కూర్చునింది. "సోమవారం ఆడ గూడా ఇంతే చెప్పు. బండ తీసే ఉండె, నేను దూకలేదు. చిన్నగా చెప్పు, పెద్దాయనా. చిన్నగా చెప్తేనే నమ్ముతారు. ఏదీ, ఒకతూరి చెప్పు."

"బండ తీసే ఉండె, నేను దూకలేదు," అన్నా. దాని వెనకే జడ్జి, గుడారాలు, కుక్క, అన్నీ గొంతు దాకా వచ్చి నిలబడినాయి. "నేనే గనక దూకింటే..."

"మళ్లా మొదట్నుంచి," అనింది హంపమ్మ.