గ్రహం గాలిని పసిగట్టిన వంటవాడు

ఈ కథ మొదట చెప్పింది రొట్టెల బట్టీ నికనోర్. సగం మింగి చెప్పాడు, వాడి నైజమే అంత. జరిగింది ఇదీ.

వికూన్యా ఊళ్లో సాయంత్రపు రొట్టె బట్టీలోంచి దిగేదాకా జనం నికనోర్ అంగట్లోనే కాచుకుంటారు. ఆ రోజు మునిసిపాలిటీ అమ్మాయి మిరేయా కూడా నోటుపుస్తకంతో వచ్చింది. కొండ మీది టెలిస్కోపు దగ్గర పనిచేసిన పాతవాళ్ల పేర్లు గోడకెక్కిస్తారట, మనిషికి ఒక్క వాక్యం. అక్కడ ముప్పయ్యేళ్లు వంట చేసిన అబ్దోన్ ఆ ఒక్క వాక్యం కోసం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ వచ్చాడు.

"రాసుకో తల్లీ. ఎక్కడో దూరాన ఒక చుక్క, దాని చుట్టూ ఒక గ్రహం. అటు మాడదు, ఇటు గడ్డకట్టదు, మన లోయలాగే. అది చుక్కకి అడ్డొచ్చినప్పుడు వెలుగు దాని గాలిలోంచి వడకట్టుకుని వస్తుంది, గుడ్డలోంచి పాలు దిగినట్టు. ఆ గాలిలో ఏముందో శాస్త్రజ్ఞులకి అంతుపట్టలేదు. నేను టెలిస్కోపు ఉండే డోములోకెళ్లి ఒక్కసారి వాసన పీల్చి, 'నీటి ఆవిరి' అన్నాను. యంత్రమూ అదే అంది!"

"ముక్కుతోనా, తాతా?" అన్నాడు నికనోర్.

"నీ మాడు రొట్టెలు భరించిన ముక్కురా ఇది! ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండోసారి పీలిస్తే అక్కడ మబ్బు పట్టిందని తెలిసింది, మూడోసారికి వాన మొదలైంది, ఆ చెమ్మకి నాకు తుమ్మొచ్చింది, తుమ్మానో లేదో గ్రహం మీది మబ్బులన్నీ చెల్లాచెదురు! పెద్ద శాస్త్రజ్ఞుడు నా కాళ్లు పట్టుకుని, 'అయ్యా, ఇంక తుమ్మకండి, కొలతలు మారిపోతున్నాయి' అని ఏడ్చాడు!"

మిరేయా కలం ఆగింది. ఆ డోము నేల తుడిచిన ఎద్విహెస్ మూలనుంచి అందుకుంది.

"కొడవలి లేకుండా కోతలు నీకే చెల్లాయి అన్నయ్యా. ఆ ఆవిరి గ్రహానిది కాదమ్మాయ్, చలికని ఇతను డోములోకి మోసుకెళ్లిన టీ కెటిలుది. గ్రహం మీద నీళ్లు దొరికాయని శాస్త్రజ్ఞులు మూడ్రోజులు కేరింతలు కొట్టారు పాపం. తెలిశాక ఇతన్ని ఆ గడప తొక్కనివ్వలేదు."

అంగడంతా గొల్లుమంది. అబ్దోన్ చెవులు ఎర్రబడ్డాయి.

"అయితే... 'టీ కెటిలు' అని రాసుకోనా, తాతా?" అంది మిరేయా మెల్లగా.

"కెటిలా?" అబ్దోన్ దిగ్గున లేచాడు. "ఇరవై రెండేళ్లుగా మోస్తున్నానమ్మా ఈ నింద! వంటవాణ్ణి, ఉత్త వేణ్ణీళ్లు మోస్తానా? అది కసువేలా! ఎముక, గుమ్మడి ముక్క, మొక్కజొన్న పొత్తు వేసి నాలుగ్గంటలు ఉడికించిన పులుసు, గంగాళం నిండా! మూత తీసిందీ నేనే, తప్పూ నాదే. ఆ కెటిలు మాట మాత్రం కొట్టేసి, ఉన్నదున్నట్టు రాయి తల్లీ."