యజమాని సంతకం

మార్కెట్లు కుప్పకూలిన ఆ మార్చి నెలలో, హార్ట్‌ఫర్డ్‌లో ఒక శనివారం పొద్దున, వంటింటి బల్లకి చెరోవైపు రోలండ్, గెయిల్. ముప్ఫై నాలుగేళ్ళ కాపురం వాళ్ళది. అతను బీమా కంపెనీలో, ఖాతాదారులకి ఇవ్వాల్సిన డబ్బు కోసం పక్కన పెట్టే రిజర్వుల పన్ను లెక్కలు చూస్తాడు. ఆమె రెండు పెట్టెలు సర్ది వీధి తలుపు దగ్గర పెట్టి వచ్చింది.

"పెన్నుంది, ఫారం ఉంది, నువ్వున్నావు. ఇంకేం కావాలి రోలండ్?"

"కళ్ళజోడు."

"ముక్కు మీదే ఉంది."

"ఇది దూరానికి. చదివేది మేడ మీదుంది."

"చదవక్కర్లేదు. ఈ ఫారం నీకు నిద్రలో కూడా వచ్చు. ఇక్కడ, అడుగున, 'ప్రస్తుత యజమాని' అని ఉన్న గడిలో సంతకం పెట్టు. మీ కంపెనీలో దాచిన ఆ యాన్యుటీ డబ్బు నా పేరు మీదకి మారుతుంది. అంతే."

"ఎవరిచ్చారు నీకిది?"

"బెర్నీస్."

"పాలసీ సర్వీసులో ఉండే బెర్నీసా? ఫైలు తీసి చూసిందా?"

"అది రిటైరై ఆరేళ్ళయింది, ఫైలెక్కడ చూస్తుంది? ఇంట్లో ఖాళీ ఫారాలు పడుంటే ఒకటి పంపింది. ఏం?"

"ఊరికే అడిగా. కాఫీ చల్లారిపోతోంది."

"చల్లారనీ. పెడతావా, పెట్టవా?"

"ఇప్పుడు కాదు గెయిల్."

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడు? పదకొండుకి నోరీన్ అక్క కారు తెస్తానంది. వెస్టర్లీలో ఆ ఇంటివాడు సోమవారం దాకే ఆగుతానన్నాడు. నా సగం నేనిస్తానని కాగితం చూపిస్తే సరి, లేదంటే ఇంకెవరికో అమ్మేస్తాడు. నోరీన్ ఒక్కతే అంతా పెట్టలేదు."

"మీ అక్కకి సముద్రం పక్కన ఇల్లు కొనాలని ఈ మార్చిలోనే బుద్ధి పుట్టాలా? ఆ ఖాతాలో కిందటేడు ఉన్నదాంట్లో మూడో వంతు పోయింది. వేరియబుల్ అంటే అదేగా మరి, మార్కెట్‌తో పాటు లేస్తుంది, పడుతుంది. ఇప్పుడు తీస్తే నష్టాన్ని చేతులారా ఖాయం చేసుకున్నట్టే."

"నష్టం నాది. నేను పడతాను."

"గ్యారంటీ ఉంది దానికి. ఆగితే..."

"ఆ గ్యారంటీ మనిషి పోతే వచ్చేది. బతికుండగా పనికొచ్చేది ఏదైనా ఉంటే చెప్పు."

"ముందే తీస్తే కంపెనీ కోసుకునే సరెండర్ చార్జీ సంగతి కూడా చూడాలి."

"ఏడేళ్ళకే తీరిపోయింది. మీ ఆఫీసులో పనిచేసినప్పుడు ఆ పేజీ నేనే టైపు చేశాను."

"మర్చిపోయాను."

"నువ్వా, మర్చిపోయేది?"

"చలికాలమంతా ఆఫీసులో ఇదే గొడవ గెయిల్. మార్కెట్ పడింది, ఇచ్చిన గ్యారంటీలన్నీ మీద పడ్డాయి, రిజర్వులు పెంచుకుంటూ పోతున్నాం. పెంచిందంతా పన్ను కట్టే ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చా లేదా అని వాషింగ్టన్ వాళ్ళు పీకల మీద కూర్చున్నారు. నా బుర్ర పనిచేయడంలేదు."

"బుర్రతో పనిలేదు. చెయ్యి చాలు."

"పన్ను ఆలోచించావా అసలు? తీయనన్నాళ్ళూ వాయిదా. తీశావా, వచ్చిన లాభమంతా జీతంతో సమానంగా లెక్కేస్తారు. పైగా నీకు యాభై తొమ్మిదిన్నర నిండలేదు. అక్టోబరు దాకా ఆగకపోతే దాని మీద పదిశాతం జరిమానా."

"నా వయసుతో ఏం పని?"

"ఏం పనేమిటి?"

"యజమానివి నువ్వు. నీకు అరవై మూడు. యజమాని వయసు చూస్తారు గానీ యజమాని పెళ్ళాం వయసు చూస్తారా?"

"అదే, నీ పేరుకి మారితే అని."

"సరే, మార్చొద్దు. జరిమానా లేకుండా నువ్వే తీసి నా చేతిలో పెట్టు. మొగుడూ పెళ్ళాల మధ్య ఇచ్చిపుచ్చుకుంటే పన్ను లేదు. థాంక్స్‌గివింగ్ పండగ రోజున టర్కీ కోడి చల్లారిపోతుంటే మా అన్నకి గంటసేపు చెప్పింది నువ్వే."

"తీయలేను."

"తీయలేవా, తీయవా?"

"తీయలేను."

"పోనీ సంతకం?"

"పెట్టలేను."

"ఆ మాట తప్ప ఇంకో మాట రాదా నీకు?"

"అక్టోబరు ఎంతో దూరం లేదు గెయిల్. ఏడు నెలలు."

"ప్రతిసారీ ఏడు నెలలే. మన జో కాలేజీ అయ్యేదాకా అన్నావు. ఇంటి మీద అప్పు తీరేదాకా అన్నావు. ఆ తర్వాత మీ అమ్మ పోయేదాకా. పాపం ఆవిడ తొంభై ఆరేళ్ళు బతికింది."

"మా అమ్మ జోలికి రాకు."

"రావడంలేదు. మా అమ్మ సంగతే అడుగుతున్నాను. విల్లిమాంటిక్‌లో ఇల్లు అమ్మితే వచ్చిన డబ్బు అది. దారం మిల్లులో ముప్ఫై ఏళ్ళు నిలబడి కాళ్ళు పోగొట్టుకుని కట్టుకున్న ఇల్లు. నీ డబ్బు ఒక్క డాలరు లేదు అందులో."

"లేదని నేనన్నానా?"

"అనలేదు. నువ్వెప్పుడూ ఏదీ అనవు. శుక్రవారం శుక్రవారం ఫ్రిజ్ మీద కవరు పెడతావు. అందులో ఇంటి ఖర్చు. మర్నాడు అదే కవర్లో నేను రసీదులు పెట్టాలి. గుడ్ల ధర పెరిగిందని కొట్టువాడి చేత రాయించుకు రమ్మననందుకు నేను సంతోషించాలి."

"నేనెప్పుడూ నిన్ను లెక్కడగలేదు."

"అడగవు. రసీదులు మాత్రం చూస్తావు."

"చూడటం అలవాటు."

"నాదీ అలవాటేలే. అందుకే ఇలా అయింది. పద్దెనిమిదేళ్ళ కింద ఆ కాంట్రాక్టు టైపు కొట్టింది ఈ వేళ్ళే. రోజుకి నలభై కొట్టేదాన్ని. నలభైలోనూ యజమాని గడిలో మొగుడి పేరే. ఎవరి ఆయుష్షు మీద లెక్క కడతారో ఆ గడిలో పెళ్ళాం, ఆడవాళ్ళు ఎక్కువ కాలం బతుకుతారుగా. మా అమ్మ డబ్బు కాంట్రాక్టు నా మిషన్ మీదకి వచ్చేసరికి వేళ్ళు వాటంతటవే పోయాయి. యజమాని, రోలండ్ జె. థిబో. ఆయుష్షు, గెయిల్ థిబో. మధ్యాహ్నం శాండ్‌విచ్ తింటూ కొట్టాను. ఒక్క నిమిషం ఆగి, ఇదేమిటీ అనుకోలేదు."

"నీ ఆయుష్షు మీద కట్టించడం మంచి పనే. లెక్క ప్రకారం..."

"లెక్క ప్రకారం నేను ఇంకా పాతికేళ్ళు బతుకుతాను. తెలుసు. ఈ వంటింట్లోనా?"

"ఈ వంటింటికి ఏమైంది?"

"ఏం కాలేదు. అదే. ఏమీ కాదు ఇక్కడ."

"ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు ఫిల్టరు ఎక్కడ పెట్టావో కూడా నాకు తెలీదు గెయిల్."

"నేలమాళిగ మెట్ల కింద. ఎడమవైపు. నాలుగున్నాయి. ఇంకేమైనా ఉంటే అడుగు, చెప్పి వెళతాను."

"కిందటిసారి కూడా వెళ్ళావు. వచ్చావు."

"వచ్చాను. ఎందుకొచ్చానో తెలుసుగా నీకు?"

"పాతవి ఇప్పుడెందుకు?"

"తొంభై ఎనిమిది మార్చి. సోమవారం పొద్దున వెళ్ళాను. నోరీన్ సోఫాలో నాలుగు రాత్రులు. ఎవరైనా పన్లో పెట్టుకుంటారా అని ఊరంతా తిరిగాను. యాభైకి దగ్గర పడుతున్న టైపిస్టు ఎవరికి కావాలి, అప్పటికే అంతా కంప్యూటర్లు. శుక్రవారానికి పర్సులో పదకొండు డాలర్లు మిగిలాయి. అందులో తొమ్మిది బస్సుకి పోయాయి. నువ్వు ఆఫీసునుంచి వచ్చేసరికి ఈ కుర్చీలోనే, కోటు కూడా విప్పకుండా కూర్చునున్నాను. అప్పుడేమన్నావో గుర్తుందా?"

"గుర్తులేదు."

"ఉంది నీకు. 'ఫ్రిజ్‌లో సూప్ ఉంది' అన్నావు. ఎందుకెళ్ళావని అడగలేదు, ఎందుకొచ్చావని అడగలేదు. సూప్ ఉంది. అంతే."

"ఆకలిగా ఉంటావనుకున్నాను."

"ఆకలిగానే ఉన్నాను. తిన్నాను. తిని పదకొండేళ్ళు ఉండిపోయాను, చేతిలో ఏమీ లేక. మా అమ్మ డబ్బు అడిగితే నీ పేరు మీదుంది, నాకు తెలుసు, నేనే కొట్టాను. ఏ మొహం పెట్టుకుని అడగను?"

"అడిగుంటే బాగుండేది."

"ఇప్పుడు అడుగుతున్నానుగా. పొద్దుట్నించీ నీళ్ళు నములుతున్నావు."

"ఇప్పుడు వేరు."

"ఏం వేరు? మీ ఆఫీసులో రూలొకటుందే, ఎవరింటికెళ్ళినా చెబుతావు. దాని సంగతేమిటి?"

"ఏ రూలు?"

"ఫెడరల్ పన్ను రూలు. ఒక మనిషి ఈ రోజే లేచి, నా కాంట్రాక్టు నాకొద్దు, నా డబ్బు నాకివ్వండి అని తలుపు తీసుకుని వెళ్ళిపోతే ఆ మనిషి చేతిలో ఎంత పెట్టాలో, పన్ను లెక్కలో ఆ మనిషి పేరు మీద రిజర్వు అంతకి తగ్గకూడదు. అదేనా?"

"దాదాపు అంతే. దానికి ఇంకో లెక్క పోల్చి చూసి, ఏది ఎక్కువైతే అది. పైన ఒక హద్దుంది, రాష్ట్రానికి చూపించే రిజర్వుని మించకూడదు."

"హద్దు సంగతి అలా ఉంచు. కింద మాత్రం అంత ఉండి తీరాలి."

"ఉండి తీరాలి."

"ఎవరో ముక్కూ మొహం తెలియని లక్షల మందికి. ఓహైయోలో ముసలమ్మకి, టెక్సస్‌లో పళ్ళ డాక్టరుకి. వాళ్ళు వెళతారో వెళ్ళరో తెలీకపోయినా, వెళితే ఇంత అని ఏటా డిసెంబరు ముప్ఫై ఒకటిన కూర్చుని కడతావు. మరి నేను వెళితే ఎంత రోలండ్? ఎప్పుడైనా కట్టావా?"

"కట్టాను."

"ఏం కట్టావు?"

"ఏటా కట్టాను. డిసెంబరు ముప్ఫై ఒకటికి. కావాలంటే అన్నేళ్ళవీ చెబుతాను."

"మరి ఒక్క ఏడు కూడా నాకు చూపించలేదేం? ఏప్రిల్‌లో ఇద్దరం కలిసి పన్ను రిటర్న్ వేస్తాం, అందులో కూడా దాని ఊసు కనబడదు."

"తీయనన్నాళ్ళూ పన్ను లేదు. పన్ను లేకపోతే రిటర్న్‌లోకి ఏ కాగితమూ రాదు."

"ఏటా స్టేట్‌మెంట్ రావాలిగా. అది ఎక్కడికొస్తుంది?"

"ఆఫీసుకి."

"ఎందుకు?"

"అక్కడే సౌకర్యం."

"ఎవరికి? అదుగో, హారన్. అక్క వచ్చేసింది. వస్తున్నా నోరీన్, ఐదు నిమిషాలు. తలుపు దగ్గర పెట్టెలున్నాయి, ఎక్కించు. ఇదిగో పెన్ను. పెట్టు రోలండ్. నేను బతిమాలడం ఇదే ఆఖరు."

"పెట్టలేనన్నానుగా."

"పెట్టకపోతే లాయరు దగ్గరికి వెళతాను. ఆర్నెల్లో ఏడాదో పడుతుంది, ఆ ఇల్లు పోతుంది, నీకూ తెలుసు. నోరీన్ సోఫా మీదే పడుంటాను. ఈసారి మాత్రం తిరిగి రాను. అదేనా నీక్కావలసింది?"

"పెడితే తప్పుడు సంతకం అవుతుంది గెయిల్."

"ఏం తప్పు?"

"ఆ గడిలో యజమాని పెట్టాలి."

"అదేగా చెబుతున్నాను. నువ్వే."

"నేను కాదు."

"కాదంటే? ఎవరికైనా రాసేశావా? జోకి రాశావా? అలా రాస్తే లాభం మొత్తం మీద అప్పటికప్పుడు పన్ను పడుతుందని నువ్వే..."

"జోకి కాదు. నీకు."

"ఏమిటి నాకు?"

"అది నీ పేరు మీదే ఉంది. యజమాని గెయిల్ థిబో. నా పేరు తీసేసి పదకొండేళ్ళయింది. అందుకే పెట్టలేనన్నాను. పెట్టనని ఒక్కసారైనా అన్నానా?"

"నాకు తెలీకుండా నా పేరుకి ఎలా మారుతుంది? నేను సంతకం చేయలేదే."

"అప్పట్లో పాత యజమానిది చాలు. ఆ తర్వాత ఉత్తరాలకి ఆఫీసు చిరునామా ఇచ్చాను."

"ఎందుకు మార్చావు?"

"నువ్వు లేవు. ఇంట్లో ఏం చెయ్యాలో తోచక కాంట్రాక్టు తీసి చూశాను. డబ్బు మీ అమ్మది, యజమాని గడిలో నా పేరు. తప్పు కదా అది. తప్పని తెలిశాక అలా ఉంచలేకపోయాను."

"కాగితాన్ని ఉంచలేకపోయావు."

"ఊఁ."

"నన్ను ఉంచగలిగావు."

"కూర్చో గెయిల్."

"పదకొండేళ్ళు నేనీ ఇంట్లో ఎందుకున్నాననుకున్నావు?"

"తెలుసు. డబ్బు లేక. చెబితే వెళ్ళిపోతావు. అందుకే చెప్పలేదు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే..."

"ఆగు. నేను లేనన్నావు ఇప్పుడు."

"ఎప్పుడు?"

"మార్చినప్పుడు. నువ్వు లేవు, ఏం చెయ్యాలో తోచలేదు అన్నావు. నేను తిరిగొచ్చాక కాదా మార్చింది?"

"ఆ వారమే."

"వారంలో ఏ రోజు? నువ్వు తారీకులు మర్చిపోయే మనిషివి కాదు."

"గురువారం."

"నేనొచ్చింది శుక్రవారం."

"తెలుసు. మార్చిన కాగితం కాపీ తీసి కవర్లో పెట్టాను. నోరీన్ ఇంటి చిరునామా రాశాను. స్టాంపు కూడా అంటించాను. శుక్రవారం సాయంత్రం పోస్టు చేద్దామనే ఆఫీసునుంచి బయల్దేరాను. మన వీధి చివర డబ్బా ఉందిగా, అందులో వేద్దామని. దూరం నుంచి చూస్తే వంటింట్లో దీపం వెలుగుతోంది."

"అయితే నువ్వు లోపలికొచ్చి, సూప్ ఉందని నాతో అన్నప్పుడు..."

"జేబులోనే ఉంది."