తాటాకుల చాటున

బుగ్గారం పొలాల మధ్య అప్పుడే తెల్లవారుతోంది. దుబాయి నుంచి మొన్ననే వచ్చిన మొగుడు తాటిచెట్టు మొదట్లో చెప్పులు విడిచి, కళ్లు మూసుకుని మొక్కుతున్నాడు. మళ్లీ దుబాయి పోతానంటాడేమోనన్న గుబులుతో, ఆమె కల్లు కుండ పట్టుకుని వెనకే నిలబడింది.

"ఇంకెంతసేపు మొక్కుతవయ్యా? పొద్దెక్కుతున్నది."

"చానేండ్లాయె గదనే. నన్ను మర్సిపోయిందేమోనని పేరు జెప్పుకుంటున్న."

"చెట్టు మరువది. నువ్వే ఆడికి వొయ్యి మొక్కుడు మర్సిపోయుంటవ్."

"ఎందుకు మరుస్త? బిల్డింగు కాడ ఇనుప పైపులెక్కే ముందు గూడ మొక్కేటోణ్ని. చెప్పులిడిసి మరీ."

"ఇనుముకా! ఎవ్వలు నవ్వలేదా?"

"అందరు నవ్విండ్రు. ఎండకు కాళ్లు బొబ్బలెక్కినంక నేను గూడ నవ్విన."

"మరి గా ఇనుముల దేవుడున్నడా?"

"మనల మోసేదాంట్ల ఉండకపోతడా? గని నాతోని మాట్లాడలే. గీ చెట్టు జూడు, చెయ్యి వెడితేనే సల్లగ పలుకుతున్నది."

నడుముకు మోకు బిగించి అతను చకచకా ఎక్కాడు. ఆమె ప్రాణం కూడా అతని వెంటే ఎక్కింది.

"పైకెళ్లి ఏం కనబడ్తున్నదయ్యా?"

"ధర్మపురి దిక్కు గోదారి మెరుస్తున్నదే! మన బర్రె గూడ కనబడ్తున్నది!"

"దుబాయి గూడ కనబడ్తున్నదా?"

పైన అతను పడమర దిక్కు మెడ తిప్పాడు. తాటాకులు గలగలమన్నాయి.

"ఆకులడ్డమున్నయే. గది కనబడ్తలేదు."

ఆమె నవ్వుకుంటూ కుండ కింద పెట్టి, చెప్పులు విడిచింది.

"కింద ఏం జేస్తున్నవే?"

"మొక్కుతున్న. ఆకులు గట్లనే అడ్డముండాలని."