ఈస్ట్ పళ్ళెంలో మనవడి జన్యువు

1988 జూలై నాలుగో తేదీన మా సంస్థ జన్యుశాస్త్ర విభాగంలో పరిశోధకురాలిగా చేరిన మా మేడం, ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. రొట్టెల పిండిని పొంగించే ఈస్ట్‌నే తమ పరిశోధనకు ఎంచుకున్నారని తెలిసి, వారి అత్తగారు "ఇంత చదువూ చదివింది పిండి పులవబెట్టడానికా అమ్మాయ్?" అని అడిగారట.

"మన ఒంట్లో కణాలు చేసే పనులు చాలావరకు అదీ చేస్తుందత్తయ్యా. మనిషిని కోసి చూడలేని చోట దాన్నడిగి తెలుసుకుంటాం" అని మేడం నచ్చజెప్పారు. అత్తగారు నమ్మారో లేదో గాని, కోడలికి పొద్దున్నే భోజనం డబ్బా కట్టివ్వడం మాత్రం ఏనాడూ మానలేదు.

తొలి సంవత్సరాలు ఈస్ట్ జన్యువులను ఒక్కొక్కటిగా తొలగించి, ఏది లేకపోతే ఏ పని ఆగిపోతుందో పరిశీలించడంలో గడిచాయి. తదనంతరం, తొలగించిన జన్యువు స్థానంలో మనిషి జన్యువును చేర్చి, రోగులలో కనబడే ఉత్పరివర్తనాలలో, అంటే జన్యువులో వచ్చిన మార్పులలో, ఏవి హానికరమో, ఏవి నిరపాయకరమో తేల్చే విధానాన్ని వారు విభాగంలో స్థిరపరిచారు. విభాగాధిపతి అయ్యాక ఒక కఠిన నియమం పెట్టారు: ఫలితం ఇలా రావాలని కోరుకునేవారెవరూ ఆ ఈస్ట్ పెంచిన పళ్ళెం చూడకూడదు. ఈ పట్టింపుకు మేమందరం చాటుగా విసుక్కున్న మాట నిజం.

ఆ నియమం చివరికి వారి ఇంటికే వచ్చింది. కూతురి బిడ్డకు ఎదుగుదల మందగించింది. వాడి జన్యువొకదానిలో మార్పు కనిపించింది గాని, జబ్బుకు అదే కారణమో కాదో వైద్యులు చెప్పలేకపోయారు. మేడం ఆ మార్పు గల జన్యువును స్వహస్తాలతో ఈస్ట్‌లో ప్రవేశపెట్టి, పళ్ళేలను పక్క బల్ల సహోద్యోగికి అప్పగించి, మూడోనాడు ఆయన వాటిని చూసేటప్పుడు వరండాలో నిలబడ్డారు. పోలికకు పెట్టిన ఆరోగ్యవంతమైన జన్యువున్న చోట ఈస్ట్ తెల్లగా, దట్టంగా పెరిగింది. మనవడి జన్యువున్న చోట ఖాళీ. అంటే ఆ మార్పు హానికరమే.

"ఇంకోసారి చేసి చూద్దాం మేడం" అన్నారు సహోద్యోగి బయటికి వచ్చి.

"మళ్ళీ మళ్ళీ చేసిందే కదండీ. చెప్పండి, వింటాను."

విన్నారు. ఏడ్చారు. కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళి, ఆ జన్యువు పనిచేయడానికి తోడ్పడే విటమిన్‌ను అదే ఈస్ట్‌కు అధికంగా అందించి, ఫలితం చూసే రోజున మళ్ళీ వరండాలోకే వచ్చి నిలబడ్డారు. ఈసారి ఖాళీ చోట పలచగా పెరిగింది. ఆ ఆధారంతోనే వైద్యులు బిడ్డకు ఆ విటమిన్ మొదలుపెట్టారు.

"సొంత మనవడిది కూడా నువ్వు చూడలేదా అమ్మా?" అని కూతురు నిష్ఠూరమాడింది.

"నేను చూస్తే లేనిది ఉన్నట్టు కనబడేది తల్లీ" అన్నారు మేడం.

మనవడిప్పుడు అమ్మమ్మ చెయ్యి పట్టుకుని, ఆగి ఆగి, బడికి నడుస్తున్నాడు. వాడు ఆ చెయ్యి విడిపించుకుని పరుగెత్తే రోజు త్వరలోనే రావాలనీ, "ఆగరా" అని కేకేస్తూ వాడి వెంట పడేంత ఓపిక, ఆరోగ్యం, నిండు నూరేళ్ళ ఆయుష్షు మా మేడంకు కలగాలనీ విభాగమంతా మనసారా కోరుకుంటున్నాము.