పది తెల్ల కాగితాలు

కూతురి స్నేహితులు నాలుగింటికి వస్తారు. మూడింటికి అతను వంటింటి బల్ల మీద పది తెల్ల కాగితాలు పరుచుకుని, అక్క మొహం చూడకుండా కూర్చున్నాడు.

"ఇదేంట్రా, ఇంకా ఏమీ రాయలేదా?"

"రాశానక్కా, నిమ్మరసంతో. గూఢచారుల ఆట కదా, ఇస్త్రీపెట్టె పెడితేగానీ అక్షరాలు కనబడవు."

"మరి దాచెయ్. ఒక చీటీ చదివితే రెండోది ఎక్కడుందో తెలియాలిగా?"

"ఏది బీరువాలో పెట్టాలో, ఏది చెప్పుల గూట్లో పెట్టాలో నాకే తెలియడం లేదు."

"వెనక అంకెలు వేసుకోకపోయావా? మీ ఆవిడైతే వేసేది."

"వేశాను."

"ఏవీ?"

"అవీ నిమ్మరసంతోనే."

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నవ్వకు. వాళ్ళమ్మ పోయాక అది స్నేహితుల్ని ఇంటికి పిలవడం ఇదే మొదటిసారి. వాళ్ళ ముందు దాని పరువు తీసేలా ఉన్నాను."

"ఇస్త్రీ చేసి చూసుకో."

"చూస్తే ఇంక రహస్యమేముంది? మళ్ళీ రాద్దామంటే నిమ్మకాయలూ అయిపోయాయి."

"అయితే అన్నీ వాళ్ళ చేతికే ఇచ్చెయ్. మతిపోయిన ముసలి గూఢచారి రాసిన చీటీలని చెప్పు. ఇస్త్రీ నేను చేస్తాను, వరస వాళ్ళనే కనుక్కోమను."

"ఆ ముసలాడి వేషం ఎవరు వేస్తారు?"

అక్క అతన్నే ఎగాదిగా చూసింది. అతను గడియారం చూసి లేచాడు.

"సరేలే. నాకు వేషం కూడా అక్కర్లేదు."